అదేనా అని అడిగేముందు, ‘అదే’ ఏమిటి?

గత ఏడాది సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్ళిన రోజు నేను ఒక్కణ్ణి కాదు, ముగ్గురినని తేలింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. డిగ్రీ పట్టాలో ఆ అక్షరం పేరు చివరికి వెళ్ళింది. కౌంటర్ అవతల కూర్చున్న ఉద్యోగి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, “ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ తీసుకురా బాబూ, రెండింటిలోపు” అన్నారు. రోడ్డుకు ఆ పక్కనున్న జిరాక్స్ షాపులో ఆ అఫిడవిట్ నమూనా సిద్ధంగానే ఉంది, పేర్లు మార్చి ప్రింట్ తీయడమే. నాలాంటివాళ్ళు రోజుకు ఎంతమంది వస్తుంటారో అర్థమైంది. స్టాంపు పేపరు మీద, నోటరీ ఎదుట, నేను నేనేనని ప్రమాణం చేసి ఒంటిగంటన్నరకు తిరిగొచ్చాను.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. నాకు మాత్రం ఆ సాయంత్రం బస్సులో ఒక అనుమానం పట్టుకుంది. ‘నేను నేనే’ అన్న మాటలో కొత్త సంగతి ఏముంది? ఏ వస్తువైనా తనకు తానే కదా. ప్రమాణం చేసి మరీ చెప్పాల్సింది ఏముంది? జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1892లో దాదాపు ఇదే అడిగాడు. తెల్లవారుజామున తూర్పున కనిపించే వేగుచుక్క, సాయంత్రం పడమట వెలిగే చుక్క రెండూ శుక్రగ్రహమే. ‘శుక్రుడు శుక్రుడే’ అంటే ఎవరూ నేర్చుకునేది లేదు. ‘వేగుచుక్కే ఆ సాయంత్రపు చుక్క’ అన్నది మాత్రం ఆకాశాన్ని చాలాకాలం గమనిస్తే తప్ప తెలియని సంగతి. వస్తువు ఒకటే, దాన్ని చేరే దారులు రెండు. నా అఫిడవిట్ చెప్పింది కూడా అంతే. మూడు కాగితాల దారులూ ఒకే మనిషి దగ్గరికి వస్తాయని.

‘ఐడెంటిటీ’కి మనం తెలుగులో ‘గుర్తింపు’ అని వాడుతున్నాం. వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి తప్పు పట్టను. కానీ ఆ మాట ఒక పొరపాటుకు చోటిస్తుంది. గుర్తించడం చూసేవాడి పని. అదే అయి ఉండటం వస్తువు సంగతి. ఆధార్ పది వేలిముద్రలు, రెండు కనుపాపలు తీసుకుని, ఈ మనిషి ఇంతకుముందే నమోదయ్యాడా అని సరిచూస్తుంది. పొలం పనితో వేళ్ళు అరిగిపోయిన పెద్దాయన రేషన్ షాపులో వేలు పెడితే యంత్రం ఒప్పుకోకపోవచ్చు. అంతమాత్రాన ఆయన వేరే మనిషి అయిపోడు. రుజువు పోయింది, మనిషి పోలేదు. జీఎస్ నాలుగో పేపర్లో ఇలాంటి కేస్ స్టడీ వస్తే, ఈ తేడా పట్టుకున్నవాడి జవాబు వేరుగా ఉంటుంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, 2022 మెయిన్స్ ఎస్సే పేపర్లో ఒకే నదిలో రెండుసార్లు అడుగు పెట్టలేమన్న అంశం ఇచ్చారు. ఆ అంశం మీద రాసిన ప్రాక్టీస్ ఎస్సేలు నేను చాలా చదివాను, ఒకటి నేనూ రాశాను. దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. అన్నీ మారుతున్నాయి, కాబట్టి ఏదీ అదిగా ఉండదు, కాబట్టి మనమూ మారాలి. చదవడానికి బాగుంటుంది. నా ఉద్దేశంలో మాత్రం మొదటి అడుగులోనే తప్పు ఉంది. ‘అదేనా?’ అన్న ప్రశ్న సగం ప్రశ్న. ‘అదే ఏమిటి?’ అని చెప్పేదాకా దానికి అవుననీ కాదనీ జవాబు ఉండదు.

అమ్మ గాజులు

నా కోచింగ్ ఫీజు కోసం అమ్మ తన నాలుగు గాజులు తాకట్టు పెట్టింది. రెండేళ్ళకు విడిపించుకున్నాం. కౌంటర్లో కవరు విప్పగానే అమ్మ చూసింది బరువు కాదు, ఒక గాజు లోపలివైపున్న చిన్న సొట్ట. అది కనబడ్డాక “మనవే” అంది. అదే ఊళ్ళో అమ్మకు సేవింగ్స్ ఖాతా కూడా ఉంది. అందులో వేసిన ఐదువందల నోటునే తిరిగి ఇమ్మని అమ్మ ఎప్పుడూ అడగలేదు. అడిగితే నవ్వుతారు. ‘నాది నాకు తిరిగొచ్చిందా?’ అన్న మాటలు రెండుచోట్లా ఒకటే, ప్రశ్నలు మాత్రం వేరు. ఖాతా దగ్గర మనకు కావలసింది అంత మొత్తం. తాకట్టు దగ్గర కావలసింది ఆ వస్తువే.

తెలుగులో ఈ తేడా సులువుగా జారిపోతుంది. ‘మా తమ్ముడూ నేనూ ఒకే ఫోన్ వాడతాం’ అంటే ఇద్దరికీ కలిపి ఒక ఫోనా, ఇద్దరి దగ్గరా ఒకే మోడలా? వినేవాడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. ఎస్సే రాసేవాడు సర్దుకోకూడదు, విడదీసి చెప్పాలి. ఇప్పుడు కొత్త నగల మీద ఉండే హాల్‌మార్క్ చూడండి. 22 క్యారట్లని, 916 అని ఒక గుర్తు ఉంటుంది. పక్కనే ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. మొదటి గుర్తు రకాన్ని చెబుతుంది, అలాంటివి లక్షలు ఉంటాయి. రెండోది ఆ ఒక్క నగను చెబుతుంది. అమ్మ గాజులు పాతవి, వాటికి ఆ నంబరు లేదు. సొట్టే వాటి నంబరు.

ఆ గాజులకు ఇంకో కథ కూడా ఉంది. అవి అమ్మమ్మ కాసులపేరు కరిగించి చేయించినవి. ‘ఇది అమ్మమ్మ బంగారమే’ అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ‘ఇది అమ్మమ్మ కాసులపేరే’ అని మాత్రం ఎన్నడూ అనలేదు. తత్త్వశాస్త్రం చదవని మనిషి ఎంత సరిగ్గా మాట్లాడుతుందో గమనించండి. అదే బంగారమా అంటే అవును. అదే నగా అంటే కాదు. రెండు జవాబులకూ మధ్య వైరుధ్యం లేదు, ఎందుకంటే అడిగినవి రెండు ప్రశ్నలు.

ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ తన పెద్ద గ్రంథానికి 1694లో వచ్చిన రెండో కూర్పులో ఒక కొత్త అధ్యాయం చేర్చాడు. అందులోని ముఖ్యమైన సంగతి ఇదే. ఒక పదార్థపు ముద్దలోంచి చిన్న నలుసు తీసేసినా అది అదే ముద్ద కాదు. ఓక్ చెట్టు మాత్రం మొలకగా ఉన్నప్పుడూ మానైనప్పుడూ అదే చెట్టు, దానిలో మొదటినాటి పదార్థం ఏమీ మిగలకపోయినా సరే. ఎందుకంటే చెట్టుకు ‘అదే’ అంటే ఒకే జీవం కొనసాగడం, ముద్దకు ‘అదే’ అంటే అవే నలుసులు ఉండటం. ఇరవయ్యో శతాబ్దంలో డేవిడ్ విగ్గిన్స్ దీన్ని ఇంకా గట్టిగా నిలబెట్టాడు. ఏ రకం వస్తువో తెలిస్తేనే అది ఎప్పుడు పుట్టింది, ఎన్ని మార్పులు తట్టుకుంటుంది, ఎప్పుడు పోయింది అన్నవి తెలుస్తాయని. పీటర్ గీచ్ మరో అడుగు ముందుకేసి అసలు ‘అదే’ అన్న సంబంధమే రకాన్ని బట్టి మారుతుందన్నాడు. అంతదూరం నేను వెళ్ళను. బంగారం ముద్ద ఒక సంగతి, దానితో చేసిన గాజు ఇంకో సంగతి, కొంతకాలం రెండూ ఒకేచోట ఉంటాయి అనుకుంటే చాలు, అమ్మ మాటకు అర్థం కుదురుతుంది.

నది అదే, నీళ్ళు వేరు

ఇప్పుడు నది దగ్గరికి వద్దాం. హెరాక్లిటస్ పేరుతో మనకు మిగిలిన ముక్కల్లో ఒకటి, అవే నదుల్లో దిగేవారి మీదుగా వేరువేరు నీళ్ళు పారుతుంటాయన్న అర్థం ఇస్తుంది. దాన్ని బట్టి చూస్తే ఆయన నది అదే కాదనడం లేదు, నీళ్ళు వేరంటున్నాడు. నిజానికి నీళ్ళు మారకపోతే అది నదే కాదు, చెరువు. మారడం నదికి గండం కాదు, నది బతికే తీరే అది. మహాబలేశ్వర్ దగ్గర పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే కృష్ణలో నిన్నటి నీళ్ళు ఈరోజు ఉండవు. అయినా అది కృష్ణే.

మన రెండు రాష్ట్రాలవాళ్ళకు ఇది మాటల గారడీ కాదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. తిరిగి నదిలోకి చేరే నీళ్ళతో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 811. పంచింది ఏ నీళ్ళను? 1973లో తీర్పు వచ్చిననాటి నీళ్ళు ఎప్పుడో బంగాళాఖాతంలో కలిసిపోయాయి. పంచింది నది మీద హక్కును, ఏటా వచ్చే ప్రవాహంలో ఒక పరిమాణాన్ని. ఆ తర్వాత 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పు ఇంకా ఆసక్తికరం. పోలవరం నుంచి విజయవాడ ఆనకట్టకు ఎగువన కృష్ణలోకి 80 టీఎంసీల గోదావరి నీళ్ళు మళ్ళిస్తే, దానికి బదులుగా కృష్ణ ఎగువ నీళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45, కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 అన్నారు. గోదావరి చుక్క ఒక్కటి కూడా ఎగువకు ఎక్కి కర్ణాటకకు వెళ్ళదు. వెళ్ళనక్కరలేదు. డెల్టాకు ఇటునుంచి నీళ్ళు అందితే అటు పైన అంత మిగులుతాయి. నీళ్ళు ఇక్కడ బ్యాంకు ఖాతాలో డబ్బులాంటివి, నది మాత్రం తాకట్టులో గాజులాంటిది. ‘ఏదీ అదిగా ఉండదు’ అని తేల్చేసిన ఎస్సే ఈ తగాదా గురించి ఒక్క పేరా కూడా రాయలేదు. నది అదే కాకపోతే వాటాలు దేనిలో?

అవతలివాళ్ళకు బలం లేదనడం లేదు. బౌద్ధుల క్షణికవాదాన్ని ఒక్క వాక్యంతో కొట్టేసే ఎస్సేలు కూడా చూశాను, అది ఇంకో రకం తొందరపాటు. మిలిందపన్హలో నాగసేనుడు గ్రీకు రాజు మినాండర్‌కు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపిస్తాడు. మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటీ కాదు, పూర్తిగా వేరూ కాదు. ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొచ్చే వరస అది. మనిషీ అంతే అంటాడు. అలాగైతే నిన్న తప్పు చేసినవాడు ఈరోజు తప్పించుకోడా? దానికీ ఆయన దగ్గర ఒక మామిడిపళ్ళ దొంగ ఉన్నాడు. ‘నువ్వు నాటినది వేరు, నేను కోసినవి వేరు’ అంటాడు దొంగ. ఆ వాదన నిలవదు, నాటిన టెంక నుంచే ఈ పండ్లు వచ్చాయి కాబట్టి. నైయాయికులకు ఇది చాలలేదు. కంటితో చూసిన పండునే చేత్తో తాకాను అని ఒకడు అంటున్నాడంటే, చూసినవాడూ తాకినవాడూ ఒకడే అయి ఉండాలి, వరస ఉంటే సరిపోదు అన్నారు. నాకు వ్యక్తిగతంగా న్యాయం వైపు మొగ్గు ఉన్నా, కొనసాగింపు చాలన్న బౌద్ధుల మాట చాలా సందర్భాల్లో మన చట్టాలకు దగ్గరగా ఉంటుంది. అది ఎక్కడ తడబడుతుందో చూద్దాం.

ఒకటి రెండైతే

కొనసాగింపు ఒకదాన్నుంచి ఒకదానికి అయితే చిక్కులేదు. ఒకదాన్నుంచి రెండు పుడితే? రెండూ పాతదానికి సమానంగా కొనసాగింపే అనుకోండి. రెండూ పాతదే అందామంటే ఆ రెండూ ఒకదానికొకటి ఒకటే కావాలి, అవి కళ్ళెదుటే రెండు. ఏదో ఒకటే పాతది అందామంటే ఏది అన్నదానికి కారణం చూపాలి. రెండూ కాదందామంటే, ఏమీ చావకుండానే పాతది పోయిందనాలి. డెరెక్ పార్‌ఫిట్ మెదడు రెండు భాగాలుగా రెండు శరీరాల్లోకి వెళ్ళినట్టు ఊహించుకుని ఈ ప్రశ్న అడిగాడు. మన ఉపఖండానికి ఆ ఊహ అక్కరలేదు.

బ్రిటిష్ ఇండియా 1945లోనే ఐక్యరాజ్యసమితి తొలి సభ్యుల్లో ఒకటి. 1947 ఆగస్టులో రెండు డొమినియన్లు వచ్చాయి. సభ్యత్వం ఎవరిది? భారత్ కొనసాగింది, పాకిస్తాన్ కొత్త సభ్యురాలిగా సెప్టెంబరు 30న చేరింది. 1971లో పాకిస్తాన్ చీలినప్పుడు పాకిస్తాన్ కొనసాగింది, బంగ్లాదేశ్ 1974లో చేరింది. ఇది సహజన్యాయం, పెద్ద ముక్కే పాతది అనుకునేరు. 1993లో చెకోస్లొవేకియా విడిపోయినప్పుడు చెక్ రిపబ్లిక్, స్లొవేకియా రెండూ కొత్త సభ్యులుగానే చేరాయి. 1991లో సోవియట్ స్థానంలో రష్యా కూర్చుంది. మరుసటి ఏడు యుగోస్లావియా పేరుతో కొనసాగుతామన్న బెల్‌గ్రేడ్‌ను మాత్రం సర్వసభ్య సభ ఒప్పుకోలేదు, వాళ్ళు 2000లో కొత్తగా చేరాల్సి వచ్చింది. భూభాగం, జనాభా, రాజధాని, ఇతర దేశాల అంగీకారం అన్నీ కలిసి తూకం వేసిన జవాబులు ఇవి. ప్రకృతిలో ముందే రాసిపెట్టిన జవాబు ఒకటి ఉండి, దౌత్యవేత్తలు దాన్ని కనిపెట్టలేదు.

2014 జూన్ 2 మనకు తెలిసిన కథే. పేరు ఒక రాష్ట్రానికి ఉండిపోయింది, రాజధాని ఇంకో రాష్ట్రంలో ఉంది. పేరు చూసి పాత రాష్ట్రం ఆంధ్రప్రదేశే అనవచ్చు, హైదరాబాద్‌ను చూసి ఇంకోలా అనవచ్చు. పునర్విభజన చట్టం ఆ వలలో పడలేదు. రెండింటినీ ‘వారసత్వ రాష్ట్రాలు’ అంది. ఆ తర్వాత ‘పాత రాష్ట్రం ఎవరు?’ అన్న ఒక్క ప్రశ్న బదులు చాలా ప్రశ్నలు వేసుకుంది. భూమి ఎక్కడుంటే ఆ రాష్ట్రానిది. చాలా లెక్కలకు జనాభా నిష్పత్తి, 58.32 కు 41.68. ఉద్యోగులకు వేరే పద్ధతి. ఉమ్మడి ఉన్నత విద్యామండలి ఆస్తుల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మండలి ఉన్న చోటును బట్టి అది తెలంగాణదే అన్న హైకోర్టు తీర్పును 2016లో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. ఆస్తులు ఇద్దరూ పంచుకోవాల్సినవే అంది. పదో షెడ్యూలు సంస్థల్లో అన్నీ ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడానికి రాజకీయం ఒక కారణం. నాకు కనిపించే ఇంకో కారణం, ఇరువైపులా కొందరు ఇంకా ‘అసలు వారసులం మేమే’ అన్న ప్రశ్న మీదే నిలబడటం. పార్‌ఫిట్ చెప్పిందీ అదే. ఇలాంటిచోట ‘అదేనా’ అన్నది ముఖ్యమైన ప్రశ్న కాదు. ఏది కొనసాగింది, ఎంత కొనసాగింది అన్నదే ముఖ్యం.

లెక్కపెట్టడం కూడా మెటాఫిజిక్సే

అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు వస్తువులను రెండుగా చేసేది ఏమిటి? అమ్మ గాజుకు సొట్ట ఉంది. సొట్టలు లేనివాటి సంగతేమిటి? వైశేషికులు ఈ ప్రశ్నను వదలకుండా చివరిదాకా వెంటాడారు. కుండలు ముక్కలను బట్టి వేరు, ముక్కలు వాటి ముక్కలను బట్టి వేరు. ముక్కలే లేని రెండు మట్టి పరమాణువులు దేన్ని బట్టి వేరు? ప్రతి పరమాణువులోనూ దానికే చెందిన ‘విశేషం’ అనే ఒక పదార్థం ఉంటుందన్నారు. ఆ దర్శనం పేరే దాన్నుంచి వచ్చిందంటారు.

1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను కొత్తగా లెక్కపెట్టాడు. రెండు నాణేలు ఎగరేస్తే నాలుగు ఫలితాలు. రెండూ బొమ్మ, రెండూ బొరుసు, మొదటిది బొమ్మ రెండోది బొరుసు, మొదటిది బొరుసు రెండోది బొమ్మ. రెండూ బొమ్మ పడే అవకాశం నాలుగో వంతు. బోస్ లెక్కలో కణాలకు ‘మొదటిది’, ‘రెండోది’ అన్న తేడా లేదు. చివరి రెండు ఫలితాలూ ఒకటే. నాణేల భాషలో చెప్పాలంటే ఫలితాలు మూడే, రెండూ బొమ్మ పడే అవకాశం మూడో వంతు. ఈ లెక్కతోనే ప్లాంక్ సూత్రం సరిగ్గా వస్తుంది. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. ఆ రకం కణాలకు తర్వాత బోసాన్లని పేరు వచ్చింది. కణానికి లోపల దాగిన హెచ్‌యూఐడీ ఉందనుకుంటే ఈ లెక్క ఎందుకు పనిచేస్తుందో చెప్పడం కష్టం. దీంతో విశేష సిద్ధాంతం పూర్తిగా ఓడిపోయిందనను, దాన్ని వేరేలా నిలబెట్టే తత్త్వవేత్తలు ఉన్నారు. కానీ సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో బోస్ పేరు పక్కన ‘బోసాన్’ అని మాత్రమే రాసుకునేవాళ్ళకు ఆయన ముట్టుకున్న ప్రశ్న ఎంత పాతదో తెలిస్తే బాగుంటుందని చెబుతున్నాను.

జాతి, ఉపాధి

మిగిలింది రకాల సంగతి, అసలు చిక్కంతా ఇక్కడే. పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉంటే అది బంగారం. ఇది ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు, కనుక్కున్నారు. తమలపాకు కూరగాయా కాదా అన్నది అలాంటిది కాదు. 1961లో అమ్మకం పన్ను కేసులో సుప్రీంకోర్టు తమలపాకు కూరగాయ కాదంది. వృక్షశాస్త్రం ఏమంటుందని చూడలేదు, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఆ మాటను ఎలా వాడతారని చూసింది. కూరగాయలు తెమ్మంటే తమలపాకు కట్ట తెచ్చే మనిషిని ఊహించుకోండి. 2024 డిసెంబరులో చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్న కేసు తేలింది. సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె అయిపోదు, తలనూనెగా ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మితేనే అవుతుంది అన్నారు. నూనె ఒకటే, రకాలు రెండు.

మన నైయాయికులకు ఈ తేడా తెలుసు. ఆవుల్లో ఉండే గోత్వం లాంటిది ‘జాతి’. వంట చేసేవాడిలో ఉన్న వంటవాడితనం ‘ఉపాధి’, పనిని బట్టి పెట్టుకున్న విభజన. పదో శతాబ్దం చివరి ఉదయనుడు ఏది జాతి కాలేదో చెప్పడానికి ఆరు అడ్డంకులు లెక్కగట్టాడు. ఇక్కడ ‘జాతి’ అంటే కులమని పొరపడకండి, ఇది పదార్థ విభాగంలోని మాట. ఇదంతా చదివినవాడికి ఒక ప్రలోభం ఎదురవుతుంది. ‘మనుషులు చేసుకున్న విభజనలన్నీ కల్పితాలే’ అని రాసేయడం. అది సోమరి వాక్యం. ఉపాధి అబద్ధం కాదు. వంటవాడు నిజంగానే వంట చేస్తాడు. మనిషి చేసిన రకానికి కారణం చూపాల్సిన బాధ్యత ఉంటుంది, అంతే తేడా.

ఈ బాధ్యత ఎంత బరువైనదో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసు చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చట్టం చేసి షెడ్యూల్డ్ కులాల 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీలుగా 1, 7, 6, 1 చొప్పున విభజించింది. 2004లో చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. 341వ అధికరణ కింద రాష్ట్రపతి జాబితాలో చేరాక అవన్నీ ఒకే వర్గం, దాన్ని రాష్ట్రం విడదీయకూడదు అన్నారు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6-1 తేడాతో ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025లో తెలంగాణ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా పంచాయి. మన నోటిఫికేషన్లలో రోస్టర్ పాయింట్లు మారినది దీనివల్లే. మీ పక్క బెంచీలో కూర్చుని చదివే ఇద్దరి జీవితాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. కాబట్టి జాగ్రత్తగా రాయండి.

2004 తీర్పు వెనకున్న భావనలో బలం ఉంది. ఆ జాబితాలోని కులాలను ఒకటిగా చేసినది కాగితం కాదు. అంటరానితనం. ఊరికి దూరంగా పెట్టడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం అన్నీ ఉపకులాన్ని అడిగి చేసినవి కావు. ఆ ఉమ్మడి గాయాన్ని మరిచి కేవలం శాతాల లెక్కగా రాసే ఎస్సే నాకు నచ్చదు. జాబితాలో మార్పులు పార్లమెంటే చేయాలన్న అభ్యంతరమూ చిన్నది కాదు, 2024లో భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి నిలబడింది అక్కడే. అయినా నాకు మెజారిటీ తీర్పే సరైనదనిపిస్తుంది. ఒక కారణం చేత పది వస్తువులను ఒక రకంలో చేర్చామంటే, ఆ కారణం విషయంలో అవి ఒకటి. ప్రతి విషయంలోనూ ఒకటని దాని అర్థం కాదు. నగలన్నీ 916 అయినంత మాత్రాన వాటి బరువు ఒకటి కాదు. జాబితా ఎవరు లోపల, ఎవరు బయట అన్నది చెబుతుంది. లోపల ఎవరికి ఎంత అందింది అన్నది జాబితా చెప్పలేదు, ఊరూరా తిరిగి లెక్క తీస్తే తెలుస్తుంది. కోర్టు కూడా గణాంకాలు చూపకుండా విభజన కుదరదని షరతు పెట్టింది. ఉపాధికి కారణం చూపాలన్న పాత మాట ఇక్కడ మళ్ళీ వినిపిస్తుంది.

ఎస్సే పేపర్లో ఈసారి ఇలాంటి అంశం వస్తే ఏ ఉదాహరణ వాడాలని కొందరు అడిగారు. కృష్ణా నీళ్ళు వాడండి, ఐక్యరాజ్యసమితి వాడండి, మీ ఇంట్లో ఏదైనా కరిగించి చేయించిన నగ ఉంటే అదీ వాడండి. థీసియస్ ఓడ మాత్రం ఇక చాలు. పలకలన్నీ మార్చిన ఆ ఓడను దిద్దేవాళ్ళు వేలసార్లు చూసి ఉంటారు.

పోయిన వారం కొత్త నోటిఫికేషన్‌కు దరఖాస్తు నింపాను. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయమన్నారు. రాశాను. కేటగిరీ ఎంచుకున్నాను. దాని కింద ‘మీరు ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా?’ అన్న గడి ఉంది. అఫిడవిట్ ఫైల్లోంచి తీసి ఒకసారి చదువుకున్నాను. మూడు పేర్లు, ఒక సంతకం. ‘లేదు’ అని టిక్ పెట్టి సబ్మిట్ నొక్కాను.